అతిథిధర్మము
తిథినియమము లేక వచ్చువాడే అతిథి యని మన పెద్దలు నిర్వచించిరి. ఇటలీదేశపు వెనిసునగరమో, 2024 ఏప్రిల్ 25 మొదలు కొన్ని దినములయందు, రాత్రి నిలువక చూచిపోవువారు తేదిని ముందే నమోదు చేసికొని 5 యూరోలు చెల్లింపవలయునని విధించినది. ఇది లోభమని కొందరందురు, మేమట్లు తలపము. 1951లో సుమారు 1,75,000 మంది నివసించిన ఆ ప్రాచీనపురమున 2022 నాటికి 50,000 మందియు మిగులలేదు. కారణములు పెక్కు, ఇండ్లు యాత్రికుల విడుదులగుట వానిలో నొకటి. గృహస్థుడే వెడలిపోయినచోట ఆతిథ్య మెవ్వరు నెఱపుదురు?

అయినను, సుంకము చెల్లించినంతనే మన ఋణము తీరదు. వంతెనమెట్లపై దారి విడుచుట, ఇరుకుసందులలో గొంతు తగ్గించుట వెలకు లొంగని విధులు. ఆతిథేయుని ధర్మమును చిరకాలము పొగడితిమి. అతిథిధర్మమును గూడ మనము నేర్వవలసియున్నది.