జమ్మి కింద నమాజు

దుబాయి నుంచి హత్తా పోయే దారిలో, లహబాబ్ దగ్గర ఇసుక ఎర్రగా ఉంటుంది. మా అల్లుడు షార్జాలో పనిచేస్తాడు. నేనూ మా ఆవిడా జగిత్యాల నుంచి వచ్చామని ఒక రోజు ఎడారి యాత్రకు బండి మాట్లాడాడు. డ్రైవరు పెషావర్ వైపు పఠాన్. తారురోడ్డు దిగగానే నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. అప్పుడే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదట. ఇక దిబ్బలెక్కడం, అంచు మీద నుంచి పక్కకు జారడం. మా ఆవిడ కళ్లు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంటూ కూర్చుంది. ఆ సాహసం గురించి నాకు ఇంతకన్నా చెప్పాలని లేదు.

రెండు దిబ్బల మధ్య పల్లంలో ఒక్కటే చెట్టు, పచ్చగా. డ్రైవరు దూరం నుంచే బండిని చుట్టు తిప్పి ఆపాడు. చెట్టు చుట్టుపక్కల మొలకలుంటాయి, చక్రం పడకూడదన్నాడు. నడిచిపోయి చూస్తే సన్నటి ఆకులు, కొమ్మలకు చిన్న ముళ్లు. జమ్మి! ఇక్కడివాళ్లు గాఫ్ అంటారు, 2008లో జాతీయ వృక్షంగా ప్రకటించుకున్నారు. రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేదీ ఇదే, 2014లో మన తెలంగాణ రాష్ట్ర వృక్షమైనదీ ఇదే.

చెప్పులు విడిచి, చుట్టూ మూడుసార్లు తిరిగి మొక్కాను. అల్లుడు "మామా, దసరాకు పెద్దల చేతిలో పెట్టే జమ్మాకు బంగారం ఇక్కణ్నించే తీస్కపోదాం" అంటూ రెమ్మ మీద చెయ్యి వేశాడు. డ్రైవరు పరుగున వచ్చి ఆపాడు. ఈ చెట్టును విరవడం ఇక్కడ నేరమట. తర్వాత అదే నీడలో చాప పరుచుకుని, పడమటి దిక్కుకు తిరిగి అసర్ నమాజు చేసుకున్నాడు.

నమాజయ్యాక నాకొచ్చిన ఉర్దూలో అడిగాను, మేము దీన్ని దేవతగా కొలుస్తామంటే మీకు తప్పనిపిస్తుందా అని. అతను కాసేపు ఆలోచించాడు. "మేం చెట్టుకు మొక్కం చాచా. ఇచ్చినవాడికే మొక్కుతాం. కానీ ఇచ్చినదాన్ని విరిచేసి ఆయన ముందు ఎట్లా నిలబడతాం?"

ఆ మాట నన్ను వదల్లేదు. మొక్కే ఇంటివాడు రెమ్మ విరవబోయాడు, మొక్కనివాడు కాపాడాడు. అయితే పవిత్రత ఎక్కడుంది? చెట్టులోనా, మన మొక్కులోనా? చట్టమంటే భయమే అనుకుందామా? భయమే అయితే చూసేవాళ్లు లేని పల్లంలో అంత దూరం చుట్టు తిరగనక్కర్లేదు.

విరాటపర్వం గుర్తుకొచ్చింది. ఏళ్ల తరబడి బడిలో భారత కథ చెప్పినవాణ్ని. పాండవులు ఆయుధాలను జమ్మి మీద దాచినప్పుడు పవిత్ర వృక్షం కదా, ఎవరూ ముట్టరులే అని ఊరుకోలేదు. ఒక శవాన్ని కొమ్మకు కట్టారు. ఆ వాసనకు జనం దగ్గరికి రారని వాళ్ల ఆలోచన. అంటే ఆ రోజు చెట్టుకు కాపలా కాసింది భక్తి కాదు, జంకు. అప్పగించిన సొత్తును ఏడాదిపాటు చెట్టు దాచి ఇచ్చింది. జమ్మిలో అగ్ని దాగి ఉంటాడని నమ్మి నిప్పు పుట్టించే అరణికి దాన్ని కోరుకున్న కాలం ఇంకా పాతది. అయినా మన పల్లెల్లో దసరానాడు చెట్టు దగ్గర తలుచుకునేది పాండవుల సొత్తునే. అందుకే నాకు తోచేది, పవిత్రత మేలు తర్వాత వస్తుందని. మేలు పొందినవాళ్లు దాన్ని మరిచిపోకుండా ఉండడానికి పెట్టుకున్న కట్టడి అది.

రాజస్థాన్‌లో బిష్ణోయిలు ఆ కట్టడికి ప్రాణాలిచ్చారు. పచ్చని చెట్టు నరకొద్దనేది 1485లో వాళ్ల గురువు జాంభోజీ పెట్టిన 29 నియమాల్లో ఒకటి. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కోట అవసరాలకు ఖేజ్‌డలీ ఊరి చెట్లు నరకడానికొస్తే అమృతాదేవి మొదలు 363 మంది చెట్లను కౌగిలించుకుని చనిపోయారు. వాళ్లు ఆ చెట్టును ముట్టకుండా దూరం పెట్టిన జనం కాదు. ఆ మరుభూమిలో పశువులకు దాని ఆకే మేత, మనుషులకు దాని కాయలే కూర.

ఆకు మేత కావడం ఆ సాయంత్రం దుబాయి ఎడారిలోనే మరోచోట ఒంటె ఎక్కినప్పుడు కళ్లారా చూశాను. ఒంటె మొదట వెనుక కాళ్లు లేపుతుంది, గట్టిగా పట్టుకోకపోతే ముందుకు తూలిపడతాం. లేచిన రెండు నిమిషాలకే అది మెడ చాచి గాఫ్ ఆకులు దూసి తినసాగింది. తోలేవాడు ఊరుకున్నాడు. అక్కడున్న చెట్లన్నిటికీ అడుగుభాగం ఒంటె మూతి అందే ఎత్తు వరకు కత్తిరించినట్టు సమంగా ఉంది. మనిషి విరిస్తే నేరమైన ఆకు ఒంటెకు రోజూ కూడు. నాకది అపచారమనిపించలేదు. బతకడానికి తిన్న ఆకుకూ, పండగపూట చేతిలో పెట్టుకుని తెల్లారి పారేసే ఆకుకూ తేడా ఉంది.

మా ఊరి పొలిమేర జమ్మి ఎప్పుడో పోయింది. ఇప్పుడు దసరాకు ఎక్కడినుంచో కొమ్మ నరికి తెచ్చి గుడి ముందు పాతి పూజ చేస్తున్నారు. వచ్చాక గుడి కమిటీతో మాట్లాడాను. పక్క ఊరి చెరువు గట్టున ఇంకా ఒక చెట్టుంది, అక్కడిదాకా ఊరంతా నడిచిపోదామన్నాను. ముసలివాళ్లకు కష్టమన్నారు, ట్రాక్టరు పెడదామంటే సరేనన్నారు. గుడి వెనుక మొక్క నాటడానికీ ఒప్పుకున్నారు. ఆకు దూయొద్దు, రాలినదే ఏరి పెద్దల చేతిలో పెడదామన్నదానికి మాత్రం ఇంకా తలూపలేదు. ఎండిన ఆకు బంగారమెట్లయితదని అడుగుతున్నారు. మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాలి.