సులువే అన్నాను

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున, గండిపేట అవతల ఒక గుట్ట కింద నిలబడి, పైనుంచి నా వెనకాల దిగబోతున్న కుర్రాడితో "సులువే తమ్ముడూ, ఏం కాదు, వచ్చేయ్" అన్నాను. అర నిమిషం తిరక్కుండానే అతని కాలర్ బోన్ విరిగింది. ఇంతవరకూ మా ఆఫీసులో అందరికీ తెలుసు. వాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను ఉండేది హైదరాబాద్ కొండాపూర్‌లో, బొటానికల్ గార్డెన్‌కి దగ్గర్లో. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని ఎనిమిదేళ్ల కింద సైకిల్ కొన్నాను. మొదట్లో రోడ్డు మీదే తొక్కాను. తరవాత మట్టి రుచి మరిగాను. తెల్లవారుజామున కొత్తగూడ చౌరస్తాలో బయల్దేరి గచ్చిబౌలి, నార్సింగి దాటుకుంటూ పోతే గంటకల్లా గండిపేట చెరువు కనిపిస్తుంది. 1908లో మూసీ ఊరిని ముంచేశాక, మళ్లీ అలా జరక్కూడదని కట్టి 1920లో పూర్తి చేసిన చెరువది. దాని అవతల, శంకర్‌పల్లి వైపు, తార్రోడ్డు వదిలితే బండ్ల బాటలు, మేకల బాటలు, వాటి పక్కన తంగేడు, సర్కారు తుమ్మ. దారి నిండా పల్లేరుకాయలు. ట్యూబులో సీలెంట్ పోసుకోకపోతే పదడుగులకో పంక్చరు.

మౌంటెన్ బైకింగ్ అనే ఈ ఆట 1970లలో కాలిఫోర్నియా కొండల్లో, పాత సైకిళ్లకు లావు టైర్లు బిగించుకుని మట్టిదారుల్లో దిగిన కుర్రాళ్లతో ఊపందుకుంది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి ఎక్కింది. అమెరికా లాంటి దేశాల్లో బాట మొదట్లోనే గుర్తు ఉంటుంది. పచ్చ వృత్తమైతే కొత్తవాళ్లకు. అడ్డొచ్చే రాయి 2 అంగుళాలకు మించదు, బాట వెడల్పు 3 అడుగులన్నా ఉంటుంది. నీలి చతురస్రమైతే కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు. రాయి 8 అంగుళాల దాకా ఉండొచ్చు. నల్ల వజ్రమైతే 15 అంగుళాల దాకా మెట్టు, అడుగు వెడల్పు బాట. మంచు మీద స్కీయింగ్ చేసే వాలుల దగ్గర్నుంచి తెచ్చుకున్న గుర్తులివి.

మేం తిరిగే గుట్టల్లో అలాంటి బోర్డులు లేవు. ముందు వెళ్లినవాడి నోటిమాటే బోర్డు. ఆ పొద్దున ఆ బోర్డుని నేనే.

కుర్రాడిది అమలాపురం దగ్గర పల్లె. ఆఫీసులో మా టీములో చేరి ఏడాది కూడా కాలేదు. చిన్నప్పుడంతా కాలవ గట్ల మీద సైకిల్ తొక్కినవాడు, కాళ్లలో బలముంది. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, పైన సోలార్ పలకల నీడతో. దాని మీద నన్ను దాటేసి పోయేవాడు. చెరువు వెనకాల మట్టిబాటలూ రెండు వారాల్లో అలవాటు చేసుకున్నాడు. కానీ అతను పుట్టి పెరిగిన చోట కొండ లేదు, బండ లేదు. వాలు మీద ఒంటిని ఎలా పెట్టుకోవాలో అతని ఒంటికి తెలియదు. అది నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్లాను.

ఆ గుట్ట 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎండకీ వానకీ పైపొర ఉల్లిపొరలా లేచి, పలుకు పలుకుగా రాలుతుంది. నున్నటి బండ మీద ఆ పలుకులు పరుచుకుంటే గోళీలు పోసినట్టే. అక్కడ దిగేటప్పుడు సీటు దించుకోవాలి. పెడళ్లు రెండూ సమంగా పెట్టి, బరువు వెనక్కి వేసి, చూపు చక్రం మీద కాకుండా ముందుకు పెట్టాలి. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం పట్టు తప్పుతుంది. ఇవన్నీ నేను అతనికి గుట్ట ఎక్కకముందే చెప్పాల్సింది. నేను ముందు దిగిపోయి, కింద నిలబడి చెప్పాను.

"అన్నయ్యా, దిగొచ్చంటారా?" అని పైనుంచి అడిగాడు.

సులువే అన్నాను.

బండ మధ్యలో ఒక మెట్టు ఉంది. అక్కడ భయపడి ముందు బ్రేకు నొక్కేశాడు. హెల్మెట్ పగిలింది, తల దక్కింది. మేకలు తోలుకొస్తున్న తాత ఒకాయన పరుగున వచ్చి నీళ్లు తాగించాడు. అతన్ని లేపి కూర్చోబెడుతూ నా వైపు చూసి, "గీ బండ మీద మా మేకలు గూడ సూసి అడుగేస్తయి సారూ" అన్నాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టించాను. సాయంత్రం వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "మీరు పక్కనున్నారు గనక సరిపోయింది బాబూ" అన్నారు. ఆ మాట తీసేసుకున్నాను. మర్నాడు ఆఫీసులో అడిగినవాళ్లకల్లా "ముందు బ్రేకు పట్టేశాడు" అని చెప్పాను. ఇంట్లోనూ అదే చెప్పాను. అబద్ధం కాదు. తప్పంతా అతని వేళ్ల మీదికి నెట్టడానికి ఆ నిజం నాకు సరిపోయింది.

మూడు వారాల తరవాత ఒక్కణ్ణే వెళ్లాను. జేబులో కొలత టేపు ఉంది. మెట్టు దగ్గర గొంతుక్కూర్చుని కొలిస్తే 14 అంగుళాలు. బోర్డులుండే దేశంలో నల్ల వజ్రం. అరచేత్తో బండను తుడిస్తే గుప్పెడు పలుకులొచ్చాయి. వాటిని చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు, అన్నేళ్లుగా తొక్కిపెట్టుకున్నది పైకొచ్చింది. ఈ బండను నేను మొదటి నాలుగు సార్లూ నడిచే దిగాను. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో సీటు పట్టుకుని, వెనక్కి ఒరుగుతూ, మోకాళ్లు వణుకుతుంటే దిగాను. ఐదోసారి తొక్కుకుంటూ దిగాను. అందరికీ చెప్పింది ఆ ఐదోసారి సంగతే.

ఎందుకు దాచాను? నలభై దాటిన మనిషిని. ఆఫీసులో నాకన్నా చురుకైన పిల్లలు ఏటేటా వస్తున్నారు. ట్రాక్ మీద నన్ను దాటిపోయినవాడు గుట్ట మీద నా వెనకాల ఉండడం నాకు కావాలి. కష్టమైన దాన్ని సులువని అంటే నేను ఎత్తులో ఉన్నట్టు. ఏటా పదిమంది పనికి రేటింగ్ రాస్తాను. రాసేటప్పుడు ఆ మనిషి నిరుడు ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కడికొచ్చాడు అని చూస్తాను. బండ మీద మాత్రం అతన్ని చూడలేదు. నన్ను నేను చూసుకుని అతనికి దారి చెప్పాను.

కట్టు విప్పాక ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర అతనికి అంతా చెప్పాను. నాలుగు సార్లు నడిచానని చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. కోప్పడతాడనుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, "ముందే చెప్పుంటే నేనూ నడిచేవాణ్ణి కదన్నయ్యా" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. ఆ రాత్రే అమలాపురం ఫోన్ చేసి వాళ్లమ్మగారికీ చెప్పాను.

మొన్న ఎండలు ముదరకముందు ఇద్దరం వికారాబాద్ దగ్గర అనంతగిరి వెళ్లాం. గండిపేటకి వచ్చే మూసీ పుట్టింది అక్కడే. గ్రానైట్ కాదు, ఎర్రమట్టి. తడిస్తే జారుతుంది, ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. నాకూ కొత్త దారి. టేకు చెట్ల మధ్య ఒక వాలు దగ్గర, వాన కోసిన గాడి అడ్డం వచ్చింది. సైకిల్ ఆపి, "నాకు దీని మీద ధైర్యం చాలట్లేదు, నేను నడుస్తాను. నీ ఇష్టం" అన్నాను.

అతను వంగి గాడిని చూశాడు. రాలిన టేకాకును కాలితో పక్కకు నెట్టి లోతు చూశాడు. సైకిల్ దిగాడు. ఇద్దరం నడిచి దిగాం.