పాలు బిడ్డ హక్కు, మరి తల్లి ఆరోగ్యం?

నంద్యాలలో ఒక మస్జిద్‌లో ఇషా నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే చెప్పుల దగ్గర ఒక యువకుడు నా కోసం నిలబడి ఉన్నాడు. ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చాడట. పక్కకు తీసుకెళ్ళి అడిగాడు: "హజ్రత్, మా ఇంట్లో ఆమెకు పెళ్ళికి ముందు నుంచే మానసిక జబ్బు ఉంది. మాత్రలు వేసుకుంటోంది, రెండేళ్ళుగా బాగుంది. ఇప్పుడు తొమ్మిదో నెల. కాన్పయ్యాక మాత్రలు మానేసి పాలివ్వాలా, లేక మాత్రలు వేసుకుంటూ డబ్బాపాలు పట్టాలా? డబ్బాపాలు పడితే బిడ్డ హక్కు కాజేసినట్టేనని మా అమ్మీ అంటోంది. రేపు ప్రళయదినాన ఆ బిడ్డే తల్లి మీద ఫిర్యాదు చేస్తుందట. నిజమేనా?"

వెంటనే జవాబు చెప్పలేదు. శుక్రవారం రమ్మన్నాను. నాకు తెలియక కాదు. కొన్నేళ్ళ క్రితం ఇదే ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి ఉన్నాను. అప్పుడు మదరసా నుంచి కొత్తగా వచ్చిన రోజులు. ఒక పెద్దాయన తన కోడలి గురించి అడిగితే, తల్లులు రెండేళ్ళు పాలివ్వాలని ఖుర్ఆన్‌లో ఉందని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. ఆమె మాత్రలు మానేసింది. మూడో వారానికి నిద్ర పూర్తిగా పోయింది, ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో ఆసుపత్రిలో చేర్చారు. అల్లాహ్ దయవల్ల తల్లీబిడ్డా బతికారు. బిడ్డకు నానీయే డబ్బాపాలు పట్టి పెంచింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయతులో సగమే చెప్పాను.

ఆ ఆయతు బఖరా సూరాలో 233వది. సంపూర్ణంగా పాలివ్వాలని కోరుకునేవారికి రెండేళ్ళ గడువు అందులో ఉంది. మనందరికీ గుర్తుండేది అంతవరకే. ఆ తర్వాత ఏముంది? తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిది. ఎవరి మీదా శక్తికి మించిన భారం మోపరాదు. బిడ్డ కారణంగా తల్లికి నష్టం కలిగించకూడదు. ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపడి గడువుకు ముందే పాలు మాన్పించినా దోషం లేదు. వేరొకరి చేత పాలిప్పించినా తప్పు లేదు. ఇక్కడ సంప్రదింపు తల్లిదండ్రులిద్దరి మధ్య అన్న సంగతి గమనించండి. ఇరుగుపొరుగు వాళ్ళు ఆ సంప్రదింపులో లేరు. అత్తమామల సలహాకు గౌరవం ఉంది, కానీ తీర్పు వాళ్ళది కాదు.

హనఫీ ఫిఖ్హ్ గ్రంథం హిదాయాను మదరసాలో మేమందరం చదివినవాళ్ళమే. అల్లామా మర్గీనానీ (రహ్మలై) అందులో పాలిచ్చే విషయంలో తల్లిని బలవంతపెట్టరాదంటూ ఒక కారణం చూపారు: ఆమెకేదైనా ఆటంకం ఉండి ఇవ్వలేకపోవచ్చు, అలాంటప్పుడు బలవంతానికి అర్థమే లేదు. ఆయతులోని 'తల్లికి నష్టం' అన్న మాటకు కూడా ఇష్టం లేకున్నా పాలివ్వమని బలవంతపెట్టడమనే అర్థం చెప్పారు. నైతికంగా పాలివ్వడం తల్లి బాధ్యతే, దాన్ని ఎవరూ కాదనరు. బిడ్డ మరెవరి పాలూ తాగనప్పుడు, మరో దారి లేనప్పుడు అది తప్పనిసరి కూడా అవుతుంది. మిగతా వేళల్లో ఆటంకం ఆటంకమే. ఆ పుట నేను పరీక్ష కోసం చదివాను, అవసరమైన రోజున గుర్తురాలేదు.

మానసిక జబ్బు ఆటంకమవుతుందా? కొందరికి ఇక్కడే సందేహం. జ్వరం వస్తే జబ్బంటారు. మనసు చెదిరితే సాయా పట్టిందంటారు, లేకపోతే ఈమాన్ బలహీనమంటారు. దుఆ చేయండి, ఆయతులు చదివి ఊదండి, అది సున్నత్. కానీ చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) ఆదేశమే. పైగా షరీఅత్ కాపాడదలచిన వాటిలో ప్రాణంతో పాటు బుద్ధి కూడా ఉందని ధర్మవేత్తలు రాశారు. సామాన్య శకం 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీరానికీ మనసుకూ వేరువేరుగా జబ్బులుంటాయని, రెండింటికీ వైద్యముందని ఒక గ్రంథమే రాశారు. ఇవాళ మనం సిగ్గుపడి దాచే సంగతి మన పెద్దలు వెయ్యేళ్ళ క్రితమే రాసిపెట్టారు.

మర్యమ్ సూరాలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆపుతుంది. ప్రసవవేదనలో హజ్రత్ మర్యమ్ (అలై) ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు. ఈనాటి ఇళ్ళలో ఎవరైనా ఆ మాటంటే ఏమంటాం? తౌబా చేసుకోమంటాం. ఆమెకు వచ్చిన సమాధానంలో మందలింపు లేదు. దుఃఖపడకు అన్న ఓదార్పు ఉంది. కింద ప్రవహించే నీళ్ళు, చెట్టు నుంచి రాలే ఖర్జూరాలు ఉన్నాయి. తినమని, తాగమని, కళ్ళు చల్లబరచుకోమని ఉంది. ముందు తల్లిని నిలబెట్టారు.

ఇక వైద్యుల మాట. ప్రసవించిన వేయి మందిలో ఒకరిద్దరికి మతి పూర్తిగా చలించే తీవ్రమైన జబ్బు వస్తుంది. బైపోలార్ జబ్బున్న వారికి ఈ ప్రమాదం చాలా ఎక్కువ, నిద్రలేమి దాన్ని రేపుతుంది. అయితే మాత్రలన్నీ ఒకటి కావు. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా దిగుతాయి, అవి వాడుతూ పాలివ్వవచ్చు. లిథియం ఎక్కువగానే దిగుతుంది, అది వాడుతుంటే పాలిచ్చే విషయంలో గట్టి జాగ్రత్త, రక్తపరీక్షలు అవసరం. కాబట్టి "మాత్రలా, పాలా" అన్న ప్రశ్నే చాలాసార్లు తప్పు. కాన్పుకు ముందే మానసిక వైద్యుణ్ణి అడిగితే రెండూ కుదిరే దారి దొరకవచ్చు. సొంతంగా మాత్రలు ఆపడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ దారి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదంటుంది. అంత దూరం పోలేనివారికి 2022లో మొదలైన టెలీ మానస్ 14416 ఉంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

తల్లిపాలకు సాటి లేదు, ఆ మాట తగ్గించి చెప్పను. డబ్బా కొనలేక నీళ్ళు ఎక్కువ కలిపే ఇళ్ళూ నాకు తెలుసు. అది బిడ్డను ఆకలితో పెంచడమే. డబ్బా మీద రాసిన కొలత తప్పకూడదు, నీళ్ళు మరిగించాలి. ఏడాదిలోపు తేనె నాకించకూడదు. తహ్నీక్ ఖర్జూరంతో చేయడమే సున్నత్ కదా, తేనె ఎందుకు? చెల్లెలో వదినో పాలిస్తానంటే అది మంచి సంప్రదాయమే. దైవప్రవక్త (స) కూడా సువైబా, హలీమా సాదియా పాలు తాగారు. కాకపోతే పాలసంబంధం ఏర్పడుతుంది, రేపు పెళ్ళిళ్ళ వేళ తికమక లేకుండా తేదీతో రాసిపెట్టుకోండి. డబ్బాపాలతో ఆ సంబంధమేదీ ఏర్పడదు.

శుక్రవారం ఆ యువకుడు వచ్చాడు. ఇదంతా చెప్పాను. హక్కు గురించి కూడా చెప్పాను: బిడ్డకు పాల మీద హక్కుంది, తనను గుర్తుపట్టే తల్లి మీదా హక్కుంది. రెండూ ఒకేసారి దక్కనప్పుడు తక్కువ నష్టమున్నదాన్ని ఎంచుకోమని మన ఉసూల్ చెబుతుంది. పాలకు బదులుంది. ఆ తల్లికి బదులు లేదు. ప్రళయదినాన ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారో అల్లాహ్‌కే తెలుసు, దాన్ని మనం కోడళ్ళను బెదిరించడానికి వాడుకోకూడదు.

అంతా విని, "మా అమ్మీకి ఎవరు చెప్పాలి హజ్రత్?" అన్నాడు.

ఆదివారం నేనే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఆమె పరదా వెనక నుంచి అంతా విన్నది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి పాలు ఎవరు పట్టాలి? పిల్ల నిద్రపోవాలంటున్నారు కదా" అంది. "నేను పడతాను" అన్నాడు కొడుకు. "నువ్వు లేస్తావా!" అని నవ్వింది. ఆపైన నన్ను అడిగింది: "మా అత్తగారిది వెండి ఉగ్గుగిన్నె పెట్టెలో ఉంది మౌలానా. సీసా కన్నా అది నయమా?"

కడగడం తేలిక కాబట్టి నయమేనని, ప్రతిసారీ మరిగే నీళ్ళలో వేసి తీయాలని చెప్పాను. చాయ్ తాగేలోపే పెట్టె తెరిచిన చప్పుడు వినబడింది.