పసిపాదమునకు దాసోహము



వీరశైవుల యింట బిడ్డ పసికందుగా నుండగనే గురువు లింగధారణము గావించును. ఆ లింగము బిడ్డ అవయవములను ఎంచి చూడదు. చక్కని పాదమునకు ఒక లింగము, వంకరపాదమునకు వేరొక లింగము లేవు. అయినను, పాదములు లోనికి తిరిగి పుట్టిన బిడ్డను చూచినప్పుడు భక్తుల యిండ్లలో సైతము వినవచ్చు మొదటి మాట యేది? గ్రహణమునాడు తల్లి కదలినదనియు, పూర్వజన్మ పాపమనియు గదా! బాలింత కన్నీరు తుడువవలసిన చేతులే ఆమెను వేలెత్తి చూపుచున్నవి.

బసవేశ్వరుని మార్గమున పంచసూతకములు లేవు. జననసూతకమునే పాటింపని వారికి పుట్టిన పాదమును బట్టి మైల యెట్లు కలుగును? దేహమే దేవాలయమని నమ్మినవారికి ఏ దేహము అశుభమగును?

ఈ వంకరకు చికిత్స కలదు. పుట్టిన కొలది వారములలోనే ఆరంభించి, వారమునకొకసారి పిండికట్టు మార్చుచు వైద్యులు పాదమును మెల్లమెల్లగా సరిచేయుదురు. సాధారణముగా ఐదారు కట్లు పట్టును. పెక్కుమందికి మడమ వెనుక స్నాయువునకు చిన్న కోత అవసరమగును. పిమ్మట కడ్డీకి బిగించిన జోళ్లను మూడు నెలలు దాదాపు రేయింబవళ్లును, ఆపై నాలుగేండ్ల ప్రాయము వరకు నిద్రవేళలందును తొడుగవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున ఈ లోపమును గుర్తించి ఉచిత చికిత్సకు పంపు ఏర్పాటు కలదు.

అయినను పలువురు తల్లులు నడుమనే మానుకొందురు. ఏల? స్త్రీలకు బస్సు ఉచితమైనను, పోయిన దినపు కూలి తిరిగి రాదు. ఇంట విడిచిన పెద్దబిడ్డకు అన్నము పెట్టువారుండరు. పెద్దాసుపత్రిలో ఏ గదికి పోవలెనో చెప్పు తోడు దొరకదు. పాదము చక్కబడినట్లు కనిపింపగనే, "ఇక ఈ జోళ్లేల?" అని ఇంటిపెద్దలే విప్పింతురు. అట్లు విప్పిన పాదము మరల వంగును. నింద మాత్రము మరల తల్లిదే!

మఠమున వడ్డించు అన్నముతోనే దాసోహము ముగియదు. కాయకము చేయు తల్లికి ఆ దినపు కూలి ఒకరు సమకూర్చుట, ఆమె పెద్దబిడ్డకు ఒకరు అన్నము పెట్టుట, ఆసుపత్రికి ఒకరు వెంట నడచుట, ఈ మూడును దాసోహమే. జంగమ పాదోదకమును తీర్థముగా గ్రహించు భక్తకులము, పసిపాదమునకై వారమున ఒక్క దినము ఈయలేదా?

ఎంత చికిత్స చేసినను నడక రాని బిడ్డలును కొందరుందురు. ఆ బిడ్డ ఎదపైని లింగమును ఇష్టలింగమే. ఆ దేహమును దేవాలయమే. గుడి మెట్టు వంగినదని దేవుని విడుచు భక్తుడు లేడు గదా!

శరణు శరణార్థి.