చివరి దోసెడు

అమెరికా వచ్చిన మొదటి ఏడాది మెమోరియల్ డే అంటే పరుపుల మీద డిస్కౌంట్ ఇచ్చే సోమవారం అనుకున్నాను. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజని తెలిశాక మనసు చివుక్కుమంది. చావు జ్ఞాపకానికి పెరట్లో మాంసం కాల్చుకుంటూ పండగేమిటి?

పైగా తేదీ కూడా అసలుది కాదు. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో జనరల్ జాన్ లోగన్ పిలుపు మీద మే 30న సమాధులకు పూలు పెట్టారు. డెకరేషన్ డే అనేవారు. 1971 నుంచి మూడు రోజుల సెలవు కలిసొచ్చేలా మే చివరి సోమవారానికి జరిపారు. తిథిని ఎవరైనా జరుపుతారా అనుకున్నాను.

ఆ తర్వాత నాన్న తద్దినం బుధవారం పడింది. ఆఫీసు ఉందని శనివారం పెట్టించాను. గారెలు, పరమాన్నం, భోజనాలయ్యాక ఇల్లంతా కబుర్లు, నవ్వులు. ఆ రోజుతో పక్కింటి పెరట్లో మాంసం కాల్చే పొయ్యి మీద కోపం పోయింది.

లోగన్ పిలుపుకి మూడేళ్ల ముందు, 1865 మే 1న, దక్షిణాది నగరం చార్ల్‌స్టన్‌లో ఒక సంగతి జరిగింది. అక్కడి గుర్రప్పందాల మైదానాన్ని యుద్ధంలో జైలుగా వాడారు. అందులో చనిపోయిన ఉత్తరాది సైనికుల్ని, కనీసం 257 మందిని, ఒకే గోతిలో పూడ్చేశారు. నల్లజాతి కూలీలు వాళ్లని పైకి తీసి, విడివిడిగా పాతిపెట్టి, చుట్టూ కంచె కట్టారు. అప్పుడే బానిసత్వం వదిలిన జనం పూలు పట్టుకుని దాదాపు పదివేల మంది వచ్చారు. పోయినవాళ్ల గోత్రనామాలు వాళ్లకేం తెలుసు?

సైనికుడు చాలాసార్లు కొడుకు పుట్టకముందే పోతాడు. ఆ పుట్టని కొడుకు పని ఎవరో ఒకరు చేయాలి. చార్ల్‌స్టన్‌లో జనం చేసింది అదే. తర్పణం చివర, తనవాళ్లంటూ ఎవరూ లేక పోయినవాళ్లకీ ఒక దోసెడు నీళ్లు వదలమంటాడు పురోహితుడు. నేనెప్పుడూ అది గబగబా వదిలేసి లేచేవాణ్ణి.

మొన్న మెమోరియల్ డే నాడు పొద్దున్నే మా ఊరి శ్మశానవాటికకి వెళ్లాను. సైనికుల సమాధుల దగ్గర చిన్న చిన్న జెండాలు గుచ్చి ఉన్నాయి. గేటు దగ్గరి పెద్ద జెండా సగానికి దించి ఉంది; మధ్యాహ్నం పన్నెండుకి పైదాకా ఎత్తుతారు. ఒక రాయి మీది పేరు పైకి చదివాను. ఇక్కడివాళ్లకి నా పేరు నోరు తిరగనట్టే, నాకూ ఆ పేరు తిరగలేదు. కూడబలుక్కుని మళ్లీ చదివాను.