పాటకు హిసాబు

'మీరు పాకిస్తాన్ పాటలు వింటారంట గదా?'

ఈ మాటను మేము చాయ్ హోటల్లో విన్నాం. ఆఫీసులో విన్నాం. దోస్తు చెల్లెలి పెళ్లిలో పక్కపక్కన కూర్చొని అన్నం తింటూ విన్నాం. అడిగేవాళ్లు నవ్వుతూనే అడుగుతారు. మేమూ నవ్వుతూనే జవాబు చెప్పాలె. నవ్వకపోతే దాన్నీ మా మీదనే రాసుకుంటారు.

మెహదీ హసన్ 1927లో రాజస్థాన్‌లోని లూణా అనే పల్లెలో పుట్టాడు. దేశం రెండు ముక్కలైన నాటికి ఇరవై ఏళ్ల పిలగాడు. ఆయన పాడిన మీర్ తఖీ మీర్ ఆగ్రాలో పుట్టి, ఢిల్లీలో బతికి, లక్నోలో మట్టిలో కలిసిపోయాడు. అప్పటికి పాకిస్తాన్ అనే పేరే లేదు. ఇదంతా చెప్పొచ్చు. చాలాసార్లు చెప్పినం గూడ. చెప్పినంక గాని మాకు అర్థం కాలేదు, అసలు చెప్పాల్సిన అవసరం మాకే ఎందుకొచ్చిందని. అదే గజల్‌ను మా పక్క సీటాయన కూనిరాగం తీస్తే ఆయన రసికుడు. మేము తీస్తే అది మా మనసు ఎటున్నదో తెలిపే గుర్తు. పాట ఒకటే, చెవులే వేరు. ఆ చెవుల మీద ఉన్న పేర్లు వేరు.

మేము ఐదుగురం. అమరచింత వాళ్లం. ఒకప్పటి సంస్థానం పేరు మోసిన ఊరు. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది, మా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండె. ఒకవైపు కృష్ణ, ఇంటింటికీ మగ్గం చప్పుడు. మాలో నలుగురం తురకోళ్లం, ఒకడు పద్మశాలి. ఇప్పుడు ఒకడు జిద్దాలో, ఒకడు దుబాయిలో, ఒకడు చికాగోలో ఉన్నరు. పద్మశాలి దోస్తు భివండిలో పవర్‌లూమ్‌ల నడుమ ఉన్నడు. దేశం దాటింది ముగ్గురేగదా అనుకోవచ్చు గాని, మగ్గం మీద చెయ్యి ఆడించిన మనిషికి భివండి పరదేశం కాదని ఎవరు చెప్పగలరు? పాలమూరు నుంచి బొంబాయికి పోయిన వాళ్లను అడగండి, దుబాయి దూరమో బొంబాయి దూరమో. ఊరిలో మిగిలింది ఒకడే. ఈ వ్యాసం ఐదుగురి తరపున రాస్తున్నది వాడే కాబట్టి 'మేము' అంటున్నడు.

మా మధ్య పాటలు తిరుగుతుంటయి. మొదట క్యాసెట్లలో తిరిగినయి. గల్ఫ్‌కు పోయినవాడు చిట్టీ రాయడానికి బద్ధకించి టేపులో మాట్లాడి, సెలవు మీద వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాడు. ఒకవైపు ఇంటోళ్లకు మాటలు, రెండోవైపు మాకు పాటలు. ఇంట్లో టేప్ రికార్డర్ చుట్టూ కూర్చొని వాళ్లమ్మ ఏడుస్తుంటే, రెండోవైపు ఎప్పుడు తిప్పుతరా అని మేము వాకిట్లో నిలబడేవాళ్లం. సిగ్గుచేటే, కాని నిజం. ఇప్పుడు అదే పని ఫోన్‌లో అవుతున్నది. ఏ రాత్రో రెండు గంటలకు చికాగో నుంచి ఒక పాట వస్తుంది, కింద ఒక్క మాట: 'యాదికుందా?' అంతే. ఆ పాట ఏ దావత్‌లో విన్నామో, ఎవరి సైకిల్ మీద ముగ్గురం పోయామో మేమే పూరించుకోవాలె.

మా కన్నా ముందు తరం ఇదే పని రేడియోతో చేసింది. 1952లో కేంద్ర మంత్రి కేస్కర్‌కు సినిమా పాటలు నచ్చక ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా పోయింది. జనం ఏం చేసిన్రు? సూదిని రేడియో సిలోన్ దిక్కు తిప్పిన్రు. సొంత దేశపు పాటలను పరాయి దేశపు రేడియోలో విన్నరు. అమీన్ సయానీ గొంతు అట్లనే ఇంటింటికీ వచ్చింది. ఆ రోజుల్లో సిలోన్ పెట్టినవాణ్ని దేశం మీద ప్రేమ లేదా అని ఎవరూ అడగలేదు. తర్వాత ఆకాశవాణి ఉర్దూ సర్వీసులో ఫర్మాయిష్‌లు వచ్చేవి. అట్ల అడిగినవాళ్లలో సరిహద్దుకు అవతలి శ్రోతలూ ఉండేవాళ్లు. వాళ్లు అడిగేది మన పాటలే, మన రఫీనే. పాట కోరిన మనిషి పేరు, ఊరు పేరు చదివి పాట వేసేవాళ్లు. చిట్టీకి స్టాంపు ఉంటే చాలు.

అట్లని పాత రోజులన్నీ బాగుండెనని మేము చెప్పడం లేదు. 1965 యుద్ధమప్పుడే పాకిస్తాన్ మన సినిమాలను ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో అమాయకులను కాల్చి చంపినంక, మే 1న అక్కడి ఎఫ్ఎం స్టేషన్లు మన పాటలు బంద్ చేసినయి. మే 8న మన సమాచార ప్రసార శాఖ పాకిస్తాన్ నుంచి వచ్చిన సినిమాలు, పాటలు ఆపమని ఇంటర్నెట్ సంస్థలకు సలహా ఇచ్చింది. ఆ వారంలోనే దుబాయి దోస్తు పంపిన ఒక పాట మా ఫోన్లో తెరుచుకోలేదు. వానికి అక్కడ తెరుచుకుంటున్నది. 'వినబడుతుందా?' అని వాడు, 'లేదు' అని మేము. చచ్చిపోయిన వాళ్ల ఇండ్లల్లో శోకం ఉన్నప్పుడు పాట గురించి మాట్లాడటమే తప్పేమో అనిపించి ఊకున్నం. ఆ ఊకోవడంలో సగం దుఃఖం, సగం భయం. ఏది ఎంతో మేము కొలవలేదు. మా పద్మశాలి దోస్తు మాత్రం భివండి నుంచి, 'ఆ పాట నా దగ్గర పాత క్యాసెట్లో ఉంది, పాడి పంపన్నా?' అన్నడు. వాడు అట్ల అనగలడు. మేము అనలేం. వాని మీద మాకు ఈర్ష్య కలిగింది. దోస్తు మీద ఈర్ష్యపడే స్థితికి మమ్మల్ని తెచ్చింది ఎవరో మేము చెప్పక్కర లేదు.

ఇట్లాంటప్పుడు మేము చేసే ఒక పని ఉంది. దాన్ని ఒప్పుకోవాలె. జేబులోంచి పేర్లు తీస్తం. 'బైజూ బావరా'లో హరి కోసం తపించే భజన రాసింది షకీల్ బదాయూనీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ అంటం. 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కు గొంతిచ్చింది అదే రఫీ అంటం. బుర్రకథకు నాజర్, నాదస్వరానికి షేక్ చిన మౌలానా, షెహనాయికి బిస్మిల్లా ఖాన్. రేషన్ కార్డు తీసి చూపించినట్టు చూపిస్తం. ఎదుటివాడు తల ఊపుతడు: 'అట్లాంటి వాళ్లయితే మంచిదే.' ఆ 'అట్లాంటి' అన్న మాట దగ్గర మేము ఓడిపోతం. ఎందుకంటే నాజర్ అంతటి కళాకారుడు కాని తురకోడు, రాగం తెలియని రిక్షా తొక్కేటోడు, పంక్చర్లు వేసేటోడు ఏ పేరు చూపించాలె? మంచి పాట పాడినోళ్లను సాక్షులుగా పిలిస్తే, మేము బోనులో నిలబడ్డట్టు మేమే ఒప్పుకున్నట్టు గదా. నాజర్ కథ చెప్పింది జనం కోసం, మా తరపున సాక్ష్యం ఇవ్వడానికి కాదు.

లెక్క అడిగేది బయటివాళ్లే అయితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

మా ఊళ్ల పీర్ల పండుగకు చావిడి ముందర అలాయి తవ్వుతరు. దట్టీలు కట్టేవాళ్లలో, ఊదు పట్టేవాళ్లలో తురకోళ్ల కన్నా మిగతావాళ్లే ఎక్కువ. కర్బలా కథను హసన్ హుసేన్ల పేరు మీద తెలుగులో పాడేది వాళ్లే. మా ఐదుగురిలో ఆ పాటలు పూర్తిగా వచ్చింది పద్మశాలి దోస్తుకొక్కనికే. ఒకసారి వాడు భివండి నుంచి ఆ పాట ఒకటి పాడి పంపిండు. జిద్దాలో ఉన్నవాడు జవాబు రాసిండు: 'ఇట్లాంటివి నాకు పంపకండి. ఇది దీన్ కాదు. సంగీతం కూడా విడిచిపెట్టిన.'

మేము ఊకోలేదు. వాని మీద పడ్డం. వహాబీవైనవన్నం. ఊరి మన్ను మరిచినవన్నం. పుస్తకాలు తిరగేసి మరీ వాదించినం. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా'లో సమా గురించి ఒక భాగమే రాసిండని, నిజాముద్దీన్ ఔలియాను ఇదే విషయం మీద ఘియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో నిలబెట్టినా ఆయన పాట వినడం మానలేదని రాసి పంపినం. వాడు ఒక్కదానికీ జవాబివ్వలేదు. చాలా నెలలు వాని పేరు మా ముచ్చట్లలో రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, మేము వానికి చేసింది ఏమిటి? నువ్వు ఏ పాట వింటవో చెప్పు, నువ్వు ఎవరివో మేము తేలుస్తం అన్నం. హోటల్లో మమ్మల్ని అడిగినవాడు అన్నదీ అదే. వినేవాణ్ని వాడు అనుమానించిండు, విననివాణ్ని మేము అనుమానించినం. పీర్ల పాట పోతదని మా భయం నిజమే. అది ఊరికి, మాకు నడుమ ఉన్న దారి. ఆ దారి మూస్తున్నవాళ్లు ఉన్నరు, వాళ్లతో కొట్లాడాలె. కాని దారి మూసేవాడు వేరు, అలిసిపోయి ఆ దారిన నడవనన్నవాడు వేరు. పరదేశంలో ఒంటరిగా ఉన్న మనిషి దేన్ని పట్టుకొని రాత్రి గడుపుతున్నడో ఇక్కడ కూర్చొని మేమెట్ల నిర్ణయిస్తం?

పోయినేడు వాళ్ల అమ్మీ చనిపోయింది. వాడు మట్టికి అందలేదు. నెల తర్వాత ఫోన్ చేసిండు. 'అక్క పెళ్లిల ఎవరో టేపు చేసిన్రు గదా. అమ్మీ గొంతు ఉంటే పంపండి. పాటలొద్దు. గొంతు చాలు.'

టేపు మా దగ్గరే ఉంది. ఢోలక్ గీతాల టేపు. ఆడోళ్లందరూ చుట్టూ కూర్చొని, దఖనీలో సమ్ధన్లను ఆటపట్టిస్తూ పాడిన పాటలు. ఖాలా గొంతే అందరికన్నా పైన. రెండువైపులా విన్నం. ఆమె పాడుతనే ఉంది. మాట్లాడింది ఒక్కచోటే, రెండు పాటల నడుమ, ఢోలక్ ఆగినప్పుడు, ఎవరినో పిలిచి మంచినీళ్లు తెమ్మంటుంది. నాలుగు సెకన్లు ఉంటుందేమో.

మళ్లీ మాలో తగాదా. చికాగోవాడు టేపంతా పంపుదామన్నడు. తల్లి గొంతు వింటే వాడే మెత్తబడతడని. అంటే పాత వాదాన్ని ఆమె గొంతుతో గెలుద్దామని. దుబాయివాడు ఆ నాలుగు సెకన్లే కోసి పంపుదామన్నడు. భివండి దోస్తు, 'వాడు అడిగింది పంపుండ్రి. మిగిలింది వానిదే, వేరేగా పెట్టి, ఇది ఇదని చెప్పుండ్రి' అన్నడు.

అట్లనే చేసినం. నీళ్లడిగిన ముక్క ఒకటి, మొత్తం టేపు ఇంకొకటి. ఏది ఏదో రాసినం. రెండు రోజులకు 'మిల్ గయా' అని ఒక్క మాట వచ్చింది. రెండోది విన్నడో లేదో మేము అడగలేదు.