ఇవ్వడం – ఎరగడం: అమెరికా తుపాకుల తనిఖీ చట్టాలపై ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

పొరుగువాడు అడిగితే కొడవలి ఇచ్చేవాడు అతని పూర్వచరిత్రను విచారించడు. అడిగింది తుపాకి అయితే అలా విచారించడం విధి అవుతుందా? అవుతుందంటే ఆ విచారణను ఇచ్చేవాని వివేకానికి వదలవలసిందా, రాజ్యం చేపట్టవలసిందా? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న తుపాకుల తనిఖీ వివాదానికి మూలం ఈ ప్రశ్నే. దీనిని సాధారణంగా హక్కుకూ భద్రతకూ మధ్య ఘర్షణగా చర్చిస్తారు. వేటగాళ్లు, సాధారణ తుపాకి యజమానులు లేవనెత్తే అభ్యంతరాలను పరిశీలిస్తే అందులో మరో ప్రశ్న కూడా ఇమిడి ఉన్నదని తెలుస్తుంది. అది 'ఇవ్వడం' అంటే ఏమిటన్న ప్రశ్న. దానిని ఆధారం చేసుకొని తనిఖీ ప్రతిపాదనల నైతిక బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టాల నేపథ్యం

తీవ్ర నేరాలలో శిక్షితులైనవారు మొదలైన కొన్ని వర్గాలవారు తుపాకి కలిగి ఉండరాదని 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం నిషేధించింది. ఆ నిషేధాన్ని అమ్మకం దగ్గరే అమలుపరచే మార్గం 1993లో బ్రేడీ చట్టంతో ఏర్పడింది. 1981లో అధ్యక్షుడు రీగన్‌పై జరిగిన హత్యాయత్నంలో గాయపడిన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ పేరును ఆ చట్టానికి పెట్టారు. 1998 నవంబరు నుంచి ఎఫ్.బి.ఐ. నిర్వహణలో జాతీయ తక్షణ తనిఖీ వ్యవస్థ పనిచేస్తున్నది. అయితే సమాఖ్య చట్టం ప్రకారం ఈ తనిఖీ లైసెన్సు గల వ్యాపారులకే విధి. ఒకే రాష్ట్రంలో నివసించే ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య జరిగే బదలాయింపుకు అది వర్తించదు.

2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులైన తర్వాత ఈ వెసులుబాటును తగ్గించే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. 2013 ఏప్రిల్‌లో మాంచిన్–టూమీ సవరణకు సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి కాని, అవసరమైన 60 రాలేదు. 2014లో వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 594వ ప్రజా ప్రతిపాదనను ఆమోదించారు. 2016లో ఒకే రోజు జరిగిన ఎన్నికలలో ఇటువంటి ప్రతిపాదన నెవాడాలో స్వల్ప ఆధిక్యంతో గెలిచింది. వేట సంప్రదాయం బలంగా ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఓడిపోయింది. 2019లోనూ 2021లోనూ ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులు చట్టరూపం దాల్చలేదు.

ఇవ్వడంలోని భేదాలు

వాషింగ్టన్ ప్రతిపాదన అమ్మకానికే పరిమితం కాలేదు. డబ్బు తీసుకోకుండా ఇచ్చే కానుకలను, అరువులను కూడా 'బదలాయింపు' అనే ఒకే మాట కిందికి తెచ్చింది. వేటగాళ్ల అభ్యంతరం ప్రధానంగా ఇక్కడే మొదలైంది.

తెలుగులో ఈ అర్థాలకు వేరువేరు మాటలున్నాయి. తన స్వత్వాన్ని వదులుకొని ఇతరునికి స్వత్వం కల్పించడం దానం. వాడుకొని అదే వస్తువును తిరిగి ఇచ్చే షరతుపై తీసుకొన్నది ఎరవు. వాడకానికి కాక కాపాడడానికి అప్పగించినది న్యాసం, దేశ్యంలో ఇల్లడ. మూడింటిలోనూ వస్తువు చేతులు మారుతుంది. స్వామ్యం మారేది మొదటిదానిలోనే. హస్తాంతరణం అనే మాట చేతిని చెబుతుంది కాని స్వత్వాన్ని చెప్పదు. మూడింటినీ ఒకే విధికి లోబరచినప్పుడు చట్టం చేతిని చూస్తున్నదా, స్వత్వాన్ని చూస్తున్నదా అన్న సందేహం తప్పదు.

చట్టకర్తలు ఈ భేదాన్ని పూర్తిగా విస్మరించలేదు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే తనిఖీ ఉత్సర్గమైతే మినహాయింపులు అపవాదాలు. సమీప బంధువుల మధ్య కానుకలకు, చట్టబద్ధంగా సాగుతున్న వేటకు, ప్రాణాపాయం ముంచుకొచ్చిన సందర్భాలకు వాషింగ్టన్ ప్రతిపాదన మినహాయింపు ఇచ్చింది. అయితే వేట చట్టబద్ధమైన చోట ఇచ్చిన తుపాకికి వర్తించే అపవాదం, వేటకు ముందురోజు ఇంటి దగ్గర మిత్రునికి ఇచ్చిన తుపాకికి వర్తిస్తుందా? ఇటువంటి సందేహం గల చోట నేరం చేసే ఉద్దేశం లేనివాడు కూడా నేరస్థుడు కావచ్చు. కొలరాడో 2013లో 72 గంటలకు మించని తాత్కాలిక బదలాయింపును తనిఖీ నుంచి తప్పించింది. ఎరవును స్థలంతో కాక కాలంతో నిర్వచించిన ఈ పద్ధతి సామాన్యునికి సులభంగా బోధపడుతుంది.

నిర్దోషి మోయవలసిన భారం

ఏ తప్పూ చేయనివాడు తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవాలా అన్నది యజమానుల రెండవ అభ్యంతరం. ప్రైవేటు వ్యక్తి తానుగా తనిఖీ వ్యవస్థను సంప్రదించలేడు. వ్యాపారి ద్వారానే చేయించుకోవాలి. దుకాణం దూరంగా ఉన్న గ్రామీణునికి ఇది ప్రయాణం, రుసుము, నిరీక్షణ. నేరస్థుని పేరుతో తన పేరు కలిసినవానికి జాప్యం కూడా తప్పదు. ఈ వివరాలు తుపాకుల జాబితాగా మారుతాయన్న భయం మరొకటి. 1986 నాటి చట్టం సమాఖ్య స్థాయిలో అటువంటి జాబితాను నిషేధించింది. అనుమతి పొందినవారి గుర్తింపు వివరాలను తనిఖీ వ్యవస్థ 24 గంటలలో తొలగించాలి. అయితే జాబితా లేనప్పుడు ప్రైవేటు బదలాయింపులపై విధిని అమలుపరచడం కష్టమనీ, చివరకు దానిని పాటించేవాడు నిజాయితీపరుడొక్కడేననీ విమర్శకులు అంటారు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము.

కాని నిజాయితీపరుని వైపు నుంచే మరొక మాట చెప్పవలసి ఉంది. నిషిద్ధుడని తెలిసి గాని, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గాని తుపాకి ఇవ్వడం ఇప్పటికే నేరం. అంటే చట్టం ఇచ్చేవాని ఎరుకపై బాధ్యతను మోపుతున్నది. ఎరిగే సాధనాన్ని మాత్రం అతనికి ఇవ్వడం లేదు. 'నాకు తెలియదు' అన్నది చట్టం ముందు రక్షణ కావచ్చు, అంతరాత్మ ముందు అది చాలదు. ఈ దృష్టితో చూస్తే తనిఖీ తీసుకొనేవానిపై అనుమానం కాదు, ఇచ్చేవాని ఎరుకకున్న పరిమితిని ఒప్పుకోవడం.

బంధువులకిచ్చిన మినహాయింపును కూడా ఇదే గీటురాయిపై పరీక్షించాలి. రక్తసంబంధం ఎరుకకు హామీ కాదు. శాండీ హుక్‌లో వాడిన తుపాకులు హంతకుని తల్లి చట్టబద్ధంగా కొన్నవి. అక్కడ తనిఖీ విఫలం కాలేదు. ఆయుధం ఒకే ఇంట్లో చేతులు మారింది. చట్టం కుటుంబాన్ని మినహాయించడానికి కారణం ఇంటి లోపలికి రాజ్య ప్రవేశం కష్టం కావడమే. ఆ మినహాయింపు పాలనకు సంబంధించిన సౌకర్యం. దానిని నైతిక నిశ్చింతగా భావించరాదు.

ఇల్లడ సమస్య

ప్లేటో 'రిపబ్లిక్' మొదటి అధ్యాయంలో సోక్రటీస్ ఒక సందేహం లేవనెత్తుతాడు. స్థిమితంగా ఉన్నప్పుడు ఆయుధాలను దాచమని ఇచ్చిన మిత్రుడు మతి తప్పి వాటిని తిరిగి అడిగితే ఇవ్వడం న్యాయమా? అమెరికాలో తుపాకి మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే కనుక అక్కడ ఇది గ్రంథాలకే పరిమితమైన ప్రశ్న కాదు. తీవ్ర నిరాశలో ఉన్నవాడు తన తుపాకిని కొంతకాలం దాచమని మిత్రునికి ఇస్తే అది ప్రాణరక్షణ. ఆ అప్పగింతకు కూడా దుకాణానికి వెళ్లి తనిఖీ చేయించాలంటే చట్టం తన లక్ష్యానికే అడ్డు తగులుతుంది. ప్రాణాపాయం 'ముంచుకొచ్చినప్పుడు' మాత్రమే వర్తించే మినహాయింపు, రోజుల తరబడి లోలోపల పెరిగే నిరాశకు చాలుతుందా అన్నది సందేహమే.

తిరిగి ఇచ్చేటప్పుడు సమస్య తలకిందులవుతుంది. ఆత్మహత్య ఆలోచనలో ఉన్నవాని పేరు ఏ నేరచిట్టాలోనూ ఉండకపోవచ్చు. తనిఖీ అతనికి అనుమతి ఇస్తుంది. చిట్టా మనిషి గతాన్ని చూస్తుంది, మిత్రుడు అతని వర్తమానాన్ని చూస్తాడు. మిత్రుడు ఎరగని పాత శిక్ష చిట్టాలో ఉంటుంది. చిట్టాకు అందని ముఖవైవర్ణ్యం మిత్రునికి కనిపిస్తుంది. తనిఖీ ఉంటే చాలునన్న వాదానికీ, తన మనిషిని తాను ఎరుగుదునన్న వాదానికీ గల లోపం ఒకటే. రెండూ సగం ఎరుకను పూర్ణమని భావిస్తున్నాయి.

ముగింపు

స్వత్వం శాశ్వతంగా మారే చోట, ముఖ్యంగా అపరిచితుల మధ్య, తనిఖీని విధిగా కోరడం న్యాయం. అక్కడ ఇచ్చేవాని ఎరుక అత్యల్పం, ఇచ్చినదానిపై అతని అధికారం శూన్యం. వేటకిచ్చే ఎరవును స్పష్టమైన కాలపరిమితితో మినహాయించడం ఉచితం. అక్కడ యజమాని బాధ్యత తొలగిపోదు. ఇల్లడగా పుచ్చుకొనేవానికి చట్టం అడ్డు రాకూడదు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఏ చట్టమూ అతని తరఫున నిర్ణయించలేదు. వేటగాళ్ల అభ్యంతరాలలో నిలిచే భాగం తనిఖీకి విరుద్ధమైనది కాదు, ఇవ్వడంలోని భేదాలను చెరిపివేసే నిర్వచనానికి విరుద్ధమైనది. ఆ నిర్వచనాన్ని సరిచేసిన తర్వాత కూడా మిగిలే భారాన్ని నిర్దోషి మోయవలసిందే. తన చేతి నుంచి వెళ్లిన ఆయుధం ఎవరి చేతికి చేరిందో ఎరగవలసిన బాధ్యతలో అది భాగం.